దొరికిన పిట్ట, పోయిన పిట్ట

కలివి కోడి అని ఒక పిట్ట ఉంది. పావురం కంటే చిన్నది. పగలంతా పొదల కింద నక్కి ఉండి చీకటి పడ్డాక మేతకు తిరుగుతుంది. 1848లో శాస్త్రవేత్తలు దానికో పేరు పెట్టారు. 1900లో అనంతపురం వైపు చివరిసారి చూశామని రాసుకున్నారు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్లపాటు అది పుస్తకాల్లో అంతరించిపోయిన పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, లంకమల కొండల పక్క చిట్టడవిలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పిట్ట బొమ్మ చేతపట్టుకుని ఊరూరా తిరిగి అడిగారు. బొమ్మ చూడగానే గుర్తుపట్టింది ఆ ఊళ్ల వేటగాళ్లు. రాత్రి లైటు వెలుగులో ఒకదాన్ని పట్టి తెచ్చింది కూడా స్థానిక వేటగాడే.

లోకానికి ఎనభై ఆరేళ్లు కనబడకుండా పోయిన పిట్టకి ఆ ఊళ్లలో పేరుంది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివి కోడి. ఎక్కడ తిరుగుతుందో, ఏ వేళకి బయటికొస్తుందో వాళ్లకి తెలుసు. వాళ్లని అడగడానికే అన్నేళ్లు పట్టింది.

అభయారణ్యాలు, పులుల అభయారణ్యాల గురించి ఏ సమావేశం జరిగినా "స్థానికుల్లో అవగాహన పెంచాలి" అనే మాట వినబడుతుంది. నాకు ఆ మాట మింగుడుపడదు. అడవి అంచున బతికేవాళ్లకి కొరతగా ఉన్నది వేరు: ఆ చోటు గురించి వాళ్లు చెప్పిన మాటకి చెల్లుబాటు, కాగితం మీద రాసిన హక్కు, నష్టం జరిగినప్పుడు చేతికందే డబ్బు. ఈ మూడూ సరిగా ఉన్నచోట ఊరు అడవిని కాస్తుంది. లేనిచోట ఎన్ని ర్యాలీలు తీసినా, బడిపిల్లలకి ఎన్ని వ్యాసరచన పోటీలు పెట్టినా పనికిరావు. దీన్ని మన నేల మీది ఉదాహరణలతోనే చూపిస్తాను.

ముందు కలివి కోడి సంగతే. అది దొరికాక 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. తర్వాత జరిగిన పరిశోధనలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. ఈ పిట్టకి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకి సుమారు 300 నుంచి 700 ఉన్న పలుచని చిట్టడవి కావాలి. ఆ పలుచదనాన్ని నిలబెడుతున్నది మేకల మేత, ఊరివాళ్ల కట్టెల కోత. మేకల్ని పూర్తిగా ఆపేస్తే కొన్నేళ్లలో పొదలు కమ్ముకుపోతాయి, పిట్ట ఆ చోటు వదిలేస్తుంది. అడ్డూ అదుపూ లేకుండా కొడితే నేల బోడిదవుతుంది, అప్పుడూ వదిలేస్తుంది.

అంటే ఇక్కడ "మనుషులు రాకూడదు" అనే బోర్డు పిట్టకి మేలు చెయ్యదు. ఎన్ని మేకలు, ఏ పక్కన, ఏ నెలల్లో అన్నది తేల్చుకోవాలి. దాన్ని ఏడాది పొడుగునా చూడగలిగేది మేకల కాపరి ఒక్కడే. లెక్క కూడా బ్రహ్మవిద్య కాదు. 50 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున తాడు పరిస్తే అది హెక్టారులో పదో వంతు. ఆ తాడు లోపల మనిషి ఎత్తు దాటిన పొదల్ని లెక్కపెట్టాలి. 30కి తక్కువుంటే ఆ చెక్కలో మేకలు ఆపాలి. 70 దాటితే అక్కడ కట్టెలకి అనుమతివ్వాలి. మధ్యలో ఉంటే ఉన్నది ఉన్నట్టు సాగనివ్వాలి. వానలయ్యాక ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి, ఊరివాళ్లు నలుగురూ, అడవిలో ఆ భాగాన్ని చూసే అటవీశాఖ బీట్ ఆఫీసరూ కలిసి పది పన్నెండు చోట్ల లెక్కేస్తే ఒక్క పూటలో అయిపోతుంది. అయితే లెక్క తేలాక ఏ చెక్క తెరవాలో, ఏది మూయాలో తేల్చే అధికారం ఆ కూర్చున్నవాళ్లకి ఉండాలి. లెక్క ఊరిది, నిర్ణయం ఎక్కడో ఆఫీసుది అయితే రెండోసారి లెక్కకి ఎవరూ రారు.

ఇక పోయిన పిట్ట. రోళ్లపాడు బట్టమేక పిట్ట.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్లపాడు అభయారణ్యం ఉంది. 1988లో ఈ పిట్ట కోసమే ప్రకటించారు. మీటరు ఎత్తు, మగది పది పదిహేను కిలోల బరువు, ఎగిరే పక్షుల్లో అతి బరువైనవాటిలో ఒకటి. నేల మీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఒక్కటే గుడ్డు. ఒక్క గుడ్డు పోతే ఆ తల్లికి ఆ కాన్పు పోయినట్టే. అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు. చుట్టూ కంచె, కందకం, లోపల మంచి గడ్డి, కాపలా. కాయితాల మీద చూస్తే లోటు ఏమీ లేదు.

పిట్టకి 614 హెక్టార్లు ఏ మూలకీ చాలవు. అది గుడ్డు పెట్టేది గడ్డిలోనే అయినా మేత కోసం చుట్టుపక్కల జొన్న, కొర్ర, వేరుశనగ చేలన్నీ తిరిగేది. మెట్టపంటలు, మధ్యలో బీళ్లు, మిడతలు, పురుగులు, దానికి కావాల్సినవన్నీ రైతుల పొలాల్లోనే ఉండేవి. అంటే ఆ పిట్ట బతుకు అభయారణ్యం లోపల సగం, బయట సగం. బయటి సగం గురించి ప్రభుత్వానికీ రైతుకీ మధ్య ఏ ఒప్పందమూ లేదు.

ఆపైన రెండు జరిగాయి. కంచె లోపల రక్షణ దొరికిన కృష్ణజింకలు పదుల నుంచి వందలకి పెరిగాయి. రాత్రిపూట కంచె దాటి చేల మీద పడ్డాయి. వేరుశనగ మొలక దశలో జింకల మంద ఒక్క రాత్రి తిరిగితే రైతు మళ్లీ విత్తుకోవాల్సిందే. జింక వన్యప్రాణి చట్టంలో షెడ్యూలు ఒకటి జంతువు, ముట్టుకుంటే జైలు. రైతుకి మాత్రం ఆ జింకా, ఈ పిట్టా, ఆ గార్డూ అందరూ ఒక్కటే: "అభయారణ్యం వాళ్లు." పిట్ట చేసిన నష్టం ఏమీ లేదు, పైగా పురుగుల్ని తిని మేలు చేసింది. అయినా కోపం దాని మీదికీ పాకింది. రెండోది, అలగనూరు రిజర్వాయరు, కాలువల నీళ్లు వచ్చాయి. నీళ్లొచ్చాక జొన్న, కొర్ర పోయి డబ్బొచ్చే పంటలు వచ్చాయి, పురుగుమందులు వచ్చాయి, బీళ్లు దున్నకాలయ్యాయి. రైతుని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పిట్ట కోసం కొర్రే వెయ్యమని అడిగినవాళ్లు లేరు. వేస్తే తేడా సొమ్ము ఇస్తామన్నవాళ్లూ లేరు. అరవై దాకా ఉండేవని చెప్పుకునే పక్షులు ఒక్కొక్కటే కరిగి కనబడకుండా పోయాయి.

మధ్యప్రదేశ్‌లోని కరేరాలో కూడా ఇదే కథ నడిచింది. 1981లో ఇదే పిట్ట కోసం 202 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. అందులో చాలా భాగం రైతుల పట్టా భూములే. భూమి రైతుదే, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్ముకోలేని మనిషి ఆ పిట్టని ఎలా చూస్తాడు? పిట్టలు మాయమయ్యాయి. చివరికి అభయారణ్యం హోదానే ఎత్తేశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకరి పొలాన్ని ఇంకొకరు పిట్టకి దానం చేస్తే పిట్టా మిగలదు, పొలం మీద ప్రేమా మిగలదు.

దీనికి ఎదురుగా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చూడండి. ఊరి చింతచెట్ల మీద ఏటా కొంగలు, గూడబాతులు వచ్చి గూళ్లు కడతాయి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊరివాళ్లు వాటిని చెప్పుకుంటారు. పిట్టలు వస్తే వానలొస్తాయని నమ్మకం. నెల్లూరు వైపు నేలపట్టులో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువు. ఇక్కడ పిట్ట వల్ల ఊరికి చేటు లేదు, అంతో ఇంతో లాభముంది, మర్యాద ఉంది. ఇలాంటి చోట్ల పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. గాలివానకి కూలిన చెట్టు స్థానంలో ఊరివాళ్లు అడిగిన చోట ఇంకో చెట్టు నాటడం, గూటి నుంచి పడిన పిల్లల్ని పెంచేందుకు చిన్న పంజరం, రోజువారీ చేపలకి డబ్బు ఇస్తే చాలు. ఊరి ఉమ్మడి భూమో సొంత భూమో అయితే వన్యప్రాణి చట్టంలోనే "కమ్యూనిటీ రిజర్వు" అనే వెసులుబాటు ఉంది. ఉమ్మడి భూమి అయితే దాని యాజమాన్య కమిటీలో పంచాయతీ పంపినవాళ్లు కనీసం ఐదుగురు ఉంటే అటవీశాఖ మనిషి ఒక్కడే ఉంటాడు. మన దగ్గర దాన్ని వాడుకోవాలన్న ఆలోచనే తక్కువ.

అసలు బరువైన ప్రశ్న నల్లమలది. అక్కడ మనుషులు అడవి అంచున కాక అడవి లోపలే ఉన్నారు. 1983లో పులుల అభయారణ్యం అయిన నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి రాష్ట్ర విభజన తర్వాత రెండైంది: ఆంధ్రప్రదేశ్ వైపు పాత పేరుతోనే, తెలంగాణ వైపు అమ్రాబాద్‌గా. రెండు వైపులా చెంచు పెంటలున్నాయి (పెంట అంటే అడవి లోపలి చిన్న ఆవాసం), గూడేలున్నాయి. శ్రీశైలం స్వామిని చెంచు మల్లయ్యగా, అహోబిలం నరసింహుణ్ణి తమ ఆడపడుచుని చేసుకున్న బావగా చెప్పుకునే జనం. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి ఊళ్లు తిరిగి వచ్చేదీ ఆ చుట్టరికం మీదే.

పులుల గణనలో 2018లో ఆంధ్రప్రదేశ్‌కి 48 వస్తే 2022లో 63 వచ్చాయి. ఈ లెక్క వెనక చెంచుల పని ఎంతుందో బయటివాళ్లకి తెలియదు. గస్తీ కోసం అడవి లోపల పెట్టే బేస్ క్యాంపులో సాధారణంగా ఐదుగురు వాచర్లుంటారు, చాలాచోట్ల చెంచులే. గణనకి రెండు చదరపు కిలోమీటర్ల గడికి ఒక జత కెమెరాలు పెడతారు. పులికి ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు ఒకేలా ఉండవు కాబట్టి దారికి రెండు వైపులా, మోకాలి ఎత్తున, ఎదురెదురుగా కాస్త పక్కకి జరిపి కట్టాలి. సరిగ్గా ఎదురుగా కడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని బొమ్మని చెరిపేస్తుంది. ఇదంతా శిక్షణలో నేర్పొచ్చు. కానీ ఆ గడిలో పులి ఏ వాగు మలుపులో నడుస్తుందో శిక్షణలో రాదు. తప్పు మలుపులో కట్టిన కెమెరా నెలంతా గాలికి ఊగే గడ్డిని ఫోటోలు తీస్తుంది, బ్యాటరీ అయిపోతుంది, ఆ గడిలో పులి లేదని లెక్క తేలుతుంది.

అంత పని చేసే మనిషికి మనం ఇచ్చేది తాత్కాలిక కూలీ హోదా. నిధులు రాలేదంటే నెలలకి నెలలు జీతం ఆగుతుంది. జీతం ఆగిన మూడో నెలలో ఆ కుటుంబం అప్పు చేస్తుంది. అప్పిచ్చేవాడు చాలాసార్లు ఆ అడవిలోకి కలప కోసమో వేట కోసమో మనుషుల్ని పంపేవాడే. అప్పుతో పాటు సమాచారం కూడా అటు పోతుంది. ఇక్కడే కాపలా విరిగిపోతుంది. దీన్ని ఆపడానికి ఎవరూ కొత్తగా ఆలోచించక్కర్లేదు. ప్రతి పులుల అభయారణ్యానికీ చట్టప్రకారం ఒక సంరక్షణ ఫౌండేషన్ ఉంటుంది, టికెట్ల డబ్బు దానికే వస్తుంది. అందులో మూడు నెలల జీతం మొత్తం విడిగా పక్కన పెట్టి, ప్రభుత్వ నిధి ఆలస్యమైతే అందులోంచి ఐదో తారీఖుకల్లా ఇచ్చి, తర్వాత భర్తీ చేసుకోవాలి. పీఎఫ్, ప్రమాద బీమా, పాముకాటుకి దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో మందు ఉందో క్యాంపు గోడ మీద రాసి పెట్టడం, ఇవి దానికి తోడు. ఇంకొకటి, పదిహేనేళ్లు అడవి కాచిన వాచరుకి బీట్ ఆఫీసరయ్యే దారి ఉండాలి. ఇప్పుడున్న రాతపరీక్ష దాటడం బడి మధ్యలో మానేసిన చెంచుకి సాధ్యం కాదు.

తేనె సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అడవిలో జీవనోపాధి అనేది ఎలా ఉంటుందో అది చెబుతుంది. పెద్ద తేనెటీగ ఒకే ఒక్క పెద్ద పెర పెడుతుంది, మీటరు వెడల్పుదాకా ఉంటుంది, కొండచరియకో ఎత్తైన కొమ్మకో వేలాడుతుంది. తేనె పై భాగంలో, అతికి ఉన్న వైపు ఉంటుంది. కింది భాగమంతా పిల్లలు. చరియ మీంచి తాడు వేసుకుని దిగేవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో. చెంచుల్లో ఆ తాడు బావమరిది పట్టుకోవాలి. చెల్లెలి పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు వదలడు.

పాత పద్ధతిలో మంట పెట్టి ఈగల్ని చంపి పెర మొత్తం కోసేవారు. పిల్లలు, పుప్పొడి, తేనె కలిపి పిండితే తేనె త్వరగా పులుస్తుంది, ధర పడిపోతుంది, ఆ పట్టు మళ్లీ రాదు. గిరిజన సహకార సంస్థ, కోవెల్ ఫౌండేషన్ లాంటివాళ్లు ఇచ్చిన శిక్షణలో మార్చింది ఇదే: మంట బదులు పొగ, పైనున్న తేనె భాగం మాత్రమే కోయడం, పిల్లలున్న భాగాన్ని వదిలేయడం, పిండకుండా బట్టలో వడకట్టడం. పిల్లల్ని వదిలిన పట్టులోకి ఈగలు తిరిగొస్తాయి, అదే కాలంలో రెండోసారి, మంచి పూత ఉంటే మూడోసారి తీయొచ్చు. తేమ 20 శాతం దాటితే తేనెని ప్రమాణాల ప్రకారం అమ్మడానికి లేదు. అందుకే వానలు పడ్డాక కోసిన తేనె విడిగా పెట్టాలి. పక్వమైన తేనెలో కలిపితే రెండూ పాడవుతాయి.

ఎక్కడ చెడుతుందంటే, శిక్షణ పొందిన పెంట వాళ్లు పిల్లల్ని వదిలి వస్తారు. రెండు రోజులకి బయటి నుంచి ఇంకెవరో వచ్చి మిగిలింది కోసుకుపోతారు. వదిలినవాడికి ఏం మిగిలింది? మళ్లీ వదలడు. ఈ బండ ఈ పెంటది అని చట్టం ఒప్పుకుంటే తప్ప మంచి పద్ధతి నిలవదు. తర్ఫీదు ఎంత ఇచ్చినా హక్కు లేకపోతే ఇంతే.

ఆ హక్కు చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకీ పులుల అడవులకీ కూడా వర్తిస్తుంది. వ్యక్తిగత పట్టాకి ఫారం ఎ, సామూహిక హక్కులకి ఫారం బి, సామూహిక అటవీ వనరుల మీద హక్కుకి ఫారం సి. నేను గట్టిగా చెప్పేది ఈ ఫారం సి గురించి, ఎందుకంటే కాపాడే అధికారం దానితోనే వస్తుంది. పద్ధతి ఇలా ఉంటుంది. గ్రామసభ పెట్టాలి, సగం మంది హాజరు, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. పది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీ, అందులో మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడో వంతు ఆడవాళ్లు. కమిటీ హద్దులు నడిచి చూడాలి: ఏ వాగు, ఏ గుట్ట, ఏ దేవర, ఏ తేనె బండ. అటవీశాఖకీ పక్క ఊళ్లకీ ముందే నోటీసివ్వాలి, వాళ్ల ఎదుటే నడవాలి. కనీసం రెండు ఆధారాలు జతచేయాలి, పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే. గ్రామసభ తీర్మానం, ఆ తర్వాత సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ.

మన దగ్గర ఇది చెడిన చోట్లు రెండు. పెంట ఎక్కడో అడవిలో ఉంటే గ్రామసభ ఇరవై ముప్పై కిలోమీటర్ల అవతలి పంచాయతీ కేంద్రంలో పెట్టారు. చెంచులు రారు, కోరం ఇతరులతో నిండుతుంది, తీర్మానం చెంచుల పేరు మీద వస్తుంది. 2012 సవరణ నిబంధనల ప్రకారం రికార్డుల్లో లేని ఆవాసాల్ని కూడా గుర్తించి ఆ ఆవాసంలోనే సభ జరపాలి. రెండోది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక పత్రాలు చాలావరకు వన సంరక్షణ సమితుల పేరు మీద ఇచ్చేశారు. సమితి అటవీశాఖ పెట్టుకున్నది, శాఖ రద్దు చేయగలిగింది. చట్టం హక్కు ఇచ్చింది గ్రామసభకి. తాళం ఒకరికి, తాళంచెవి ఇంకొకరికి ఇచ్చినట్టయింది.

"హక్కులిస్తే పులులు పోతాయి" అని భయపడేవాళ్లకి కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలు చూపిస్తాను. 2011లో అది పులుల అభయారణ్యం అయింది, అదే ఏడాది అక్కడి సోలిగ గిరిజనులకి సామూహిక హక్కులు వచ్చాయి. సోలిగలు ఎండాకాలం మొదట్లో ఆకులెండిన కొత్తలో చిన్న చిన్న మంటలు పెట్టేవారు. అది ఆపేశాకే లాంటానా అనే కలుపు పొద కమ్మేసిందని, ఉసిరి చెట్లకి బదనిక అనే పరాన్నజీవి మొక్క పట్టిందని వాళ్లు చెబుతూ వచ్చారు. ఆ మాటని పరిశోధకులూ పట్టించుకుని పనిచేశారు. నల్లమలలో కూడా ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఖాళీ చేసి ఉంచే దారులు, డిసెంబరు, జనవరిలోనే, ఆకు రాలకముందు కొట్టుకుని అవసరమైన చోట కాల్చి సిద్ధంగా పెట్టుకోవాలి. పని ఫిబ్రవరి చివరికి జారితే ఆ ఏడాది ఆ లైను ఉన్నా లేనట్టే. ఏ మలుపులో గాలి తిరుగుతుందో, ఏ మడుగు దగ్గర యాత్రికులు వంట పొయ్యి ఆర్పకుండా పోతారో చెంచుల్ని అడిగి గీసిన లైను ఒక ఎత్తు, మ్యాపు మీద స్కేలు పెట్టి గీసింది ఒక ఎత్తు.

యాత్రికుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. శివరాత్రికి ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి వేలకి వేలమంది నడుస్తారు. చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం లోయలోకి జనం బారులు తీరుతారు. ఆ భక్తికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ అంతమందిని పులుల అడవిలోకి పంపగలిగిన వ్యవస్థ, చెంచు ఆడమనిషి ఎండుకట్టె మోపు మీద మాత్రం చట్టాన్ని అక్షరం అక్షరం అమలు చేస్తే ఆ మనిషికి ఏమనిపిస్తుంది? యాత్ర నిర్వహణని పెంటలకే అప్పగించొచ్చు: మనిషికి ఇంత అని రుసుము, ప్లాస్టిక్ సీసాకి డిపాజిట్ తీసుకుని తిరిగిచ్చినప్పుడు వాపసు, నీళ్ల కేంద్రాలు, మంటల కాపలా. రుసుము పెంట ఖాతాలోకే రావాలి.

కేరళలోని పెరియార్‌లో ఇలాంటిదే చేశారు. 1998లో దొంగతనంగా చెట్ల బెరడు ఒలుచుకునే ముఠా మీద కేసులు ఎత్తేసి, వాళ్లతోనే ఒక కమిటీ పెట్టి, పర్యాటకుల్ని అడవిలోకి నడిపించే పని, గస్తీ అప్పగించారు. దొంగదారులన్నీ తెలిసినవాళ్లు కాబట్టి దొంగల్ని పట్టడం వాళ్లకి తేలికైంది. ప్రవేశ టికెట్ మీద కొంత అదనపు రుసుము వేసి, ప్రాజెక్టు డబ్బు అయిపోయాక కూడా కమిటీలు నడిచేలా ఫౌండేషన్‌కి మళ్లించారు. మన దగ్గర ప్రపంచబ్యాంకు డబ్బుతో పుట్టిన ఎకో డెవలప్‌మెంట్ కమిటీల్లో చాలా వాటికి ఈ ఆఖరి అంగం లేకపోయింది. ప్రాజెక్టు అయిపోయింది, కమిటీ రిజిస్టరు బీరువాలోకి పోయింది. నల్లమలలోని బైర్లూటిలో చెంచులతో నడిచే విడిది లాంటివి బాగున్నాయి. అయితే గది అద్దెలో ఎంత శాతం పెంటకి, ఏ తారీఖున, ఎవరి సంతకంతో అన్నది గోడ మీద రాసి ఉంటేనే అది భాగస్వామ్యం. లేకపోతే అది ఉద్యోగం.

ఇక నష్టపరిహారం. నా దృష్టిలో అడవి జంతువుల ప్రాణాలు అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. పులి ఆవుని చంపితే రైతు ముందు రెండు దారులుంటాయి. ఒకటి, కళేబరాన్ని కదపకుండా ఉంచి, ఆ రోజే బీట్ ఆఫీసరుకి చెప్పి, గాట్లు, అడుగుజాడలు కనబడేలా ఫోటో తీసి, పశువైద్యుడి పంచనామా అయ్యేదాకా ఆగడం. రెండు, కళేబరం మీద పురుగుమందు గుళికలు చల్లడం. పులి చంపిన జంతువు దగ్గరికి మళ్లీ వస్తుంది కాబట్టి రెండోది తప్పకుండా పనిచేస్తుంది, పిల్లలున్న పులి అయితే పిల్లలతో సహా చస్తాయి. రైతు ఏ దారి ఎంచుకుంటాడన్నది కిందటేడాది పక్కింటివాడికి డబ్బు ఎన్నాళ్లకొచ్చింది అన్నదాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవి చుట్టూ ఒక స్వచ్ఛంద సంస్థ పశువు చచ్చిన వెంటనే కొంత సొమ్ము చేతికిస్తోంది, ప్రభుత్వ పరిహారం దాని దారిన అది వస్తుంది. మన దగ్గర ప్రతి రేంజిలో అలాంటి చిన్న నిధి ఉండాలి. ఊరి కమిటీ నుంచి ఇద్దరు చూసి సంతకం పెడితే మూడు రోజుల్లో సగం డబ్బు.

పంట నష్టంలో ఇంకో చిక్కుంది. కౌలు రైతుకి పాసుపుస్తకం ఉండదు. నష్టపోయేది అతను, దరఖాస్తు పెట్టగలిగేది పట్టాదారు. పైగా బృందం వచ్చేసరికి వారం దాటితే రైతు మళ్లీ విత్తేసి ఉంటాడు, చూపించడానికి నష్టం కనబడదు. తిక్కరేగినవాడు అడవిపందికని 11 కేవీ లైను మీద కొక్కెం వేసి చేను చుట్టూ బైండింగు వైరు లాగుతాడు. ఆ వైరుకి పందులే కాదు, పులులూ పోయాయి, తెల్లవారుజామున చేనికెళ్లిన మనుషులూ పోయారు. కరెంటు సబ్‌స్టేషన్‌లో రాత్రిపూట ఫీడరు ట్రిప్పయితే ఆ కబురు వెంటనే దగ్గరి బేస్ క్యాంపుకి అందేలా చెయ్యడం ఫోను ఖర్చుతో అయ్యే పని. పదిమంది రైతులు కలిసి తమ పొలాలన్నిటికీ ఒకే సోలార్ కంచె వేసుకుంటే ఎవరికి వారు వేసుకునేదాని కంటే ఎకరానికి ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే కంచె తీగకి గడ్డి తగిలితే షాకు నేలలోకి పోతుంది. పదిహేను రోజులకోసారి కింద గడ్డి కోసే మనిషి, అతనికి కూలి, ముందే తేల్చుకోకపోతే ఒక వానాకాలంలో ఆ కంచె ఉత్త తీగ అయి కూర్చుంటుంది.

2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు ఒక మంచి మాట చేర్చారు. షెడ్యూల్డు ప్రాంతంలో గానీ అటవీ హక్కుల చట్టం వర్తించే చోట గానీ ఉన్న అభయారణ్యానికి యాజమాన్య ప్రణాళిక రాసేటప్పుడు గ్రామసభని సంప్రదించాలి. దీన్ని పట్టుకోవాల్సింది ఊళ్లే. పదేళ్ల ప్రణాళిక రాసే ఏడాది ఏదో కనుక్కుని, ముసాయిదాని తెలుగులో అడగాలి. సభలో చదివించి, మేత ఎక్కడ, తేనె బండలు ఎవరివి, ఫైర్ లైను ఎటు అన్న అభ్యంతరాలు తీర్మానంగా రాసి పంపాలి, రసీదు తీసుకోవాలి. ప్రణాళిక ఆమోదం అయ్యాక మొరపెట్టుకుంటే మళ్లీ పదేళ్లు ఆగాల్సిందే.

రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర 2019 నుంచి బట్టమేక పిట్ట గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. ఎప్పటికైనా ఆ సంతతిని రోళ్లపాడుకి తెద్దామన్న ఆలోచన వస్తే, గడ్డి బాగుచేసే పనికంటే ముందు ఒక సభ పెట్టాలి, కంచె బయటి ఊళ్లలో. కౌలు రైతులు కూడా రావాలి. అడగాల్సినవి నాలుగే: ఏ చేలలో మళ్లీ కొర్ర, జొన్న వేస్తారు, పత్తితో పోలిస్తే తగ్గే ఆదాయం ఎకరానికి ఎంత, జింకలు మేస్తే ఎన్ని రోజుల్లో డబ్బు కావాలి, చేలో గుడ్డు కనబడితే ఆ చెక్క కోయకుండా వదిలినందుకు ఎంత అడుగుతారు. ఆ జవాబులు రాసుకుని, డబ్బు ఎక్కడి నుంచో తేలాక, పిట్టని తేవచ్చు.